చిగురించినంత మాత్రాన బాగైనట్టు కాదు

"వేప ఎండింది. ఎవరూ మందు కొట్టలేదు, ఎవరూ నీళ్ళు పట్టలేదు. ఉగాది నాటికి మళ్ళీ చిగురించింది. ఇంకా పరిశోధన ఎందుకు?"

ఈ మాట జగిత్యాల జిల్లా బీర్పూర్ చాయ్ హోటల్లో వింటాం, జగిత్యాల పట్టణంలో చదువుకున్నవాళ్ళ నోటా వింటాం, కాస్త మెరుగుపెట్టిన భాషలో పత్రికల్లోనూ చదువుతాం. అడవి తన బాగోగులు తానే చూసుకుంటుందట. చెట్ల రోగాల మీద గ్రాంట్లంటే యూనివర్సిటీ సార్లకు జీపులూ కంప్యూటర్లూ తప్ప ఊరికి ఒరిగేదేమీ లేదట. ఆ పైసలతో నాలుగు మొక్కలు నాటితే నీడైనా దక్కుతుందట. ఇలా మాట్లాడేవాళ్ళు చెట్టు గిట్టనివాళ్ళు కారు. చాలామంది ఇంటి ముందు వేపను కొట్టాలంటే చేతులాడనివాళ్ళే. అందుకే ఈ వాదనను నవ్వి ఊరుకోవడానికి లేదు. చెట్ల మీద ఇష్టం ఉన్నవాళ్ళే చెట్ల సంగతి తెలుసుకోవడానికి పైసా ఖర్చుపెట్టొద్దంటే, అటవీ శాఖ బడ్జెట్ రాసే అధికారికి అంతకంటే మంచి సాకు దొరకదు.

ముందు ఆ వేప సంగతే తేల్చుకుందాం.

2021లో వానలు ముదిరాక తెలంగాణ పల్లెల్లో వేప కొమ్మల చివర్లు ఎండటం మొదలైంది. చిటారు రెమ్మ ముందు వాడుతుంది. ఆకు గోధుమరంగుకు తిరిగి అక్కడే వేలాడుతుంది, వెంటనే రాలదు. ఎండు మెల్లగా కిందికి దిగుతుంది. కొన్నాళ్ళకు చెట్టు మొత్తం సెగ తగిలినట్టు కనిపిస్తుంది. కరోనా చెట్లకూ పాకిందన్నవాళ్ళున్నారు, సెల్ టవర్ల పుణ్యమన్నవాళ్ళున్నారు, ఊరికి కీడన్నవాళ్ళూ ఉన్నారు. ప్రొఫెసర్ జయశంకర్ వ్యవసాయ విశ్వవిద్యాలయం శాస్త్రవేత్తలు నమూనాలు పరీక్షించి అసలు దోషుల్ని చెప్పారు: ఫోమాప్సిస్ అజాడిరాక్టే అనే శిలీంధ్రం, దానికి తోడు టీ దోమ.

ఎండిన రెమ్మనొకదాన్ని విరిచి చూడండి. వానకు తడిసిన బెరడు మీద గుండుసూది మొనంత నల్లటి చుక్కలు కనిపిస్తాయి. శిలీంధ్రం బీజాలు తయారయ్యేది వాటిలోనే. చినుకు పడి చిందినప్పుడల్లా అవి పక్క రెమ్మ మీదికి చేరతాయి. టీ దోమ పేరుకే దోమ. అది నల్లి జాతి పురుగు. లేత చిగురులో మూతి గుచ్చి రసం పీలుస్తుంది. గుచ్చినచోట ముదురు మచ్చ పడుతుంది, జిగురు కారుతుంది, చిగురు మాడిపోతుంది. ఒకటి గాయం చేస్తుంటే ఇంకొకటి ఎండగొడుతోంది. ఈ రెండింటినీ విడదీసి చూడలేనివాడు ఏ మందు కొట్టాలో చెప్పలేడు. శిలీంధ్రానికి కొట్టిన మందు పురుగును చంపదు, పురుగుమందు శిలీంధ్రాన్ని ఆపదు. విశ్వవిద్యాలయం మందులను ఒకటి తరవాత ఒకటిగా, మధ్యలో రోజులు విడిచి వాడమనడానికి కారణం అదే.

ఈ శిలీంధ్రానికి పేరు పెట్టింది 2021లో కాదు. 1997లో మైసూరు పరిశోధకులు దాన్ని కొత్త జాతిగా గుర్తించి ప్రచురించారు. అప్పుడు కూడా ఎవరో ఒకరు "వేప రెమ్మ ఎండితే దాని మీద పేపర్లెందుకు" అనే ఉంటారు. ఇరవై నాలుగేళ్ళ ముందే ఆ పని జరిగి ఉండబట్టే 2021లో మనవాళ్ళు చీకట్లో తడుముకోకుండా పేరు పట్టుకోగలిగారు. గ్రాంటు ఫలితం ఎప్పుడు, ఎవరికి పనికొస్తుందో ముందే చెప్పలేం. చెప్పలేం కాబట్టి ఇవ్వొద్దనడం, వానలు ఎప్పుడు పడతాయో తెలియదు కాబట్టి చెరువు కట్ట వేయొద్దన్నట్టుంది.

ఇక చిగురించిన సంగతి. చిగురించింది, కాదనను. వానలు వెనకబట్టి గాలిలో తడి తగ్గాక శిలీంధ్రం జోరు తగ్గుతుంది. మాఘ ఫాల్గుణాల్లో వేప ఆకు మార్చుకునేటప్పుడు బతికున్న కొమ్మ మీది మొగ్గలు విచ్చుకుంటాయి. ఆ చిగురుకు కావలసిన ఆహారం ఎక్కణ్ణుంచి వచ్చింది? వేళ్ళలో, కాండంలో చెట్టు దాచుకున్న నిల్వలోంచి. మళ్ళీ వానలు రాగానే అవే రెమ్మలు అదే రోగానికి దొరుకుతాయి. నిల్వ నుంచి తీయడమే తప్ప వేయడం లేని చెట్టు ఎన్నేళ్ళు ఓర్చుకుంటుంది? పైగా వేప పూసేది, కాసేది కొత్త రెమ్మల మీదే. రెమ్మలు ఎండిన యేడు కాయ పోతుంది. తెగులు ముదిరితే దాదాపు కాపంతా పోవచ్చని దీని మీద పనిచేసినవాళ్ళు ఎప్పుడో రాశారు. దేశంలో తయారయ్యే యూరియా మొత్తానికీ వేప నూనె పూత ఉండాలని 2015లో కేంద్రం తప్పనిసరి చేసింది. అంటే మన తుంగూరు, కొల్వాయి ఊళ్ళ రైతు వరిమడిలో చల్లే ప్రతి బస్తా వెనకా వేప గింజ ఉంది. ఆ గింజకు ఏమైందో అడగకుండా ఆకు పచ్చగా ఉందని మురిసిపోవడమే మనం చేస్తున్న పని.

వేప మీద పేటెంటు విషయంలో మాత్రం మనకు పౌరుషం పొంగింది. వేపతో శిలీంధ్రనాశినిని తయారుచేసే పద్ధతి మీద అమెరికా వ్యవసాయ శాఖకు, డబ్ల్యూ.ఆర్. గ్రేస్ కంపెనీకి యూరప్ పేటెంటు ఆఫీసు ఇచ్చిన హక్కును 1995 నుంచి సవాలు చేసి, 2000లో రద్దు చేయించి, 2005లో అప్పీలు కూడా గెలిచాం. మంచిదే. వేప మనదని మ్యూనిక్‌లో పదేళ్ళు కొట్లాడిన దేశంలో, ఇంటి ముందు వేపకు శిలీంధ్రం పడితే దాని వెంట పదేళ్ళు తిరిగే మనిషికి జీతం లేదు.

"చిగురించింది కదా" అనే వాదన కేరళ టేకు తోటల్లో ఎప్పుడో ఓడిపోయింది. ఆ కథ ఇక్కడి టేకు మనుషులు తెలుసుకోదగ్గది. నీలంబూరులో 1840ల నుంచి టేకు నాటుతున్నారు. తొలకరి పడ్డాక లేత ఆకుల మీద హైబ్లియా పురుగు దండు దిగి, కొన్ని రోజుల్లో తోటలకు తోటల్ని మోళ్ళు చేసి పోతుంది. కొన్ని వారాలకు చెట్టు మళ్ళీ ఆకు వేస్తుంది. ఆకు మళ్ళీ వచ్చింది కాబట్టి నష్టం పెద్దగా లేదన్నది అటవీ అధికారుల్లో తరాలుగా పాతుకుపోయిన నమ్మకం. 1975లో పీచిలో కేరళ అటవీ పరిశోధన సంస్థ పెట్టాక, అక్కడి కీటక శాస్త్రజ్ఞులు చేసిన పని చూడటానికి చాలా మామూలుది. లేత వయసు టేకు తోటలో కొన్ని మడుల్ని మందుతో పురుగు పడకుండా కాపాడారు, కొన్నిటిని పురుగుకే వదిలేశారు. అలా అయిదేళ్ళు కాపలా కాసి కొలిచారు. కాపాడిన చోట హెక్టారుకు ఏడాదికి 6.7 ఘనపు మీటర్ల కలప పెరిగింది. వదిలేసిన చోట 3.7. పెరగాల్సిన కలపలో 44 శాతం పురుగు నోట్లో పోయింది. ఆ సంగతి 1985లో రిపోర్టుగా వచ్చింది. అన్నేళ్ళూ చెట్లు చిగురిస్తూనే ఉన్నాయి, అధికారులు సంతృప్తి పడుతూనే ఉన్నారు, కలప పోతూనే ఉంది. ఆ పని అక్కడితో ఆగలేదు. అదే పురుగును సహజంగా చంపే వైరస్‌ను ఆ సంస్థవాళ్ళే పట్టుకుని, విషపు మందు లేకుండా దండును అణిచే దారి వెతికారు.

మరి నీలంబూరు లెక్క బీర్పూర్‌కు అంటించవచ్చా? వద్దు. అక్కడి వాన వేరు, నేల వేరు, టేకు పెరిగే తీరు వేరు. మన ఉత్తర తెలంగాణ ఆకురాల్చే అడవుల్లో తొలకరిలో ఆకును మేసే పురుగు ఒకటైతే, వానాకాలం చివర్లో ముదురు ఆకును పట్టే పురుగు ఇంకొకటి. అది ఈనెల్ని వదిలి మధ్య పచ్చదనాన్నంతా గీరేస్తుంది. ఆకును పైకెత్తి పట్టుకుంటే ఆకాశం కనిపిస్తుంది. గోదావరి వైపు కమ్మునూరు దారిన పోతూ అలాంటి టేకును చూసినవాళ్ళు "ఆకు రాలే కాలం వచ్చింది" అనుకుని సాగిపోతారు. అది కాలం తెచ్చిన రాలుడా, పురుగు తెచ్చినదా, రెంటి మధ్య తేడా చెట్టు పెరుగుదలలో ఎంత? నీలంబూరు జవాబు ఇక్కడ పనికిరాదు గనుకనే ఇక్కడి గ్రాంటు కావాలి. "దేశంలో ఎక్కడో పరిశోధన జరుగుతోంది కదా, చాలదా" అనేవాళ్ళకు ఇదే సమాధానం.

ఈ మాట జగిత్యాలవాళ్ళకు నేను చెప్పనక్కర్లేదు అసలు. పొలాస పరిశోధన స్థానం ఊళ్ళో పెట్టుకున్నవాళ్ళం మనం. ఉల్లికోడు పురుగు వరిని ఎలా తినేసేదో యాభై దాటిన ఏ రైతునడిగినా చెబుతాడు. సాంబ మసూరిని కావ్య రకంతో కలిపి, ఉల్లికోడును తట్టుకునే సన్నరకాన్ని పొలాసలో తీశారు. జేజీఎల్ 1798. జగిత్యాల సన్నాలంటే ఊరూరా తెలిసింది అలాగే. అది ఒక్క సీజన్లో, ఒక్క గ్రాంటుతో, ఒక్క పేపరుతో వచ్చిందా? తరాల తరబడి మడుల్లో వంగి, గొట్టాలు లెక్కపెట్టి, పనికిరానివి పారేసి, మళ్ళీ నాటి తీసిన పంట. వరిలో పురుగు పడితే ప్రభుత్వం డబ్బు పెట్టి శాస్త్రవేత్తను పెట్టాలని ఒప్పుకున్న మనిషే, టేకులో పురుగు పడితే ప్రకృతి చూసుకుంటుందంటాడు. వరికి యజమాని ఉన్నాడు, పట్టా ఉంది, మద్దతు ధర ఉంది. అడవికి అడిగేవాడు లేడు. తేడా అంతే తప్ప పురుగులో తేడా లేదు.

"నాటితే చాలు" అనే మాటకు వద్దాం. దీనికి గడచిన పదేళ్ళలో పట్టినంత పైకం మరే మాటకూ పట్టలేదు. 2015 జూలైలో మొదలైన హరితహారం కింద 273 కోట్ల మొక్కలు నాటామని, పదివేల కోట్ల రూపాయలకు పైగా ఖర్చుపెట్టామని అప్పటి ప్రభుత్వమే ప్రకటించింది. ఇప్పుడు పేరు మారి వన మహోత్సవం అయింది, గుంతలు తవ్వుతూనే ఉన్నాం. నాటొద్దని ఎవరూ అనరు. కానీ ఏం నాటుతున్నామో తెలుసుకోవడానికి కూడా పరిశోధనే కావాలి. రోడ్ల మధ్య కోనోకార్పస్‌ను వరసలు వరసలుగా నాటి, తరవాత వద్దనుకున్నది మనమే. వేపనే తీసుకోండి: పైన చెప్పిన శిలీంధ్రం గింజ ద్వారా కూడా పాకుతుంది. రోగమున్న చెట్టు కింద గింజలేరి నర్సరీలో సంచులు నింపితే, మొక్కతో పాటు రోగాన్నీ ఊరూరికీ ఉచితంగా పంచినట్టే. నీలగిరి తోటల్లో ఇరవై ఏళ్ళ కింద ఆకు ఈనెల మీద బుడిపెలు తెచ్చిన ఆస్ట్రేలియా కందిరీగ కూడా నర్సరీ మొక్కల మీదే ఊళ్ళు తిరిగింది. గింజ ఆరోగ్యం చూడకుండా నాటే కార్యక్రమం ఎంత పెద్దదైతే ప్రమాదం అంత పెద్దది. నాటినవాడికి ఫొటో ఉంటుంది. యాభై ఏళ్ళ చెట్టును చావకుండా ఆపినవాడికి ఫొటో ఎక్కడిది?

ఇంకో వాదన కాస్త చదువుకున్నది. అటవీ సర్వేవాళ్ళు ఉపగ్రహం నుంచి చూస్తూనే ఉన్నారు, 2021 నివేదికలో తెలంగాణ అటవీ విస్తీర్ణం 632 చదరపు కిలోమీటర్లు పెరిగిందన్నారు, ఇక జబ్బెక్కడ అని. ఆ నివేదికలో అడవి అంటే ఏమిటో చదివితే ఈ సంతోషం నిలవదు. ఒక హెక్టారుకు పైబడిన జాగ, అందులో పది శాతానికి మించి చెట్ల గొడుగు ఉంటే చాలు. ఎవరి భూమి అన్నదీ చూడరు, ఏ చెట్టు అన్నదీ చూడరు. తోటలు కూడా లెక్కలోకి వస్తాయి. చల్‌గల్ మార్కెట్‌కు కాయ దింపే మన మామిడి తోటలన్నీ ఉపగ్రహం కంటికి అడవే. మామిడి తోట పెరిగి టేకు అడవి చచ్చినా లెక్క సరిపోతుంది. చిటారున ఎండిన కొమ్మ, బెరడు కింద తొలిచిన సొరంగం, కొమ్మను పట్టి పీలుస్తున్న బదనిక, మోడు చుట్టూ మొలవని గింజ, ఇవేవీ ఇరవై మూడు మీటర్ల చదరంగా భూమిని చూసే కెమెరాకు ఆనవు. అటవీ సర్వే చేసేది విస్తీర్ణం కొలవడం. ఆరోగ్యం కొలవడం వేరే పని, దానికి చెట్టు కింద నిలబడి తల పైకెత్తే మనిషి కావాలి.

"పైసలేవీ" అంటే పైసలున్నాయి. 2019 ఆగస్టు 29న కేంద్రం కాంపా నిధి నుంచి తెలంగాణకు 3,110 కోట్లు బదిలీ చేసింది. ఆ సొమ్ము ఎవరి దానమూ కాదు. ప్రాజెక్టులకు, గనులకు, రోడ్లకు అడవిని తీసుకున్నవాళ్ళు కట్టిన ధర. ఒక్క కాళేశ్వరానికే మూడు వేల హెక్టార్లకు పైన అటవీ భూమి పోయింది. అడవి ధరగా వచ్చిన సొమ్మును అడవికి ఎలా ఖర్చుపెట్టాలో 2018 నిబంధనల్లో ఉంది. ఆ జాబితాలో అడవిలో చీడపీడల నివారణ అన్న పద్దు స్పష్టంగా రాసి ఉంది. ఏ చీడో, ఏ పీడో తెలియకుండా నివారణ చేయడం ఎలాగో మాత్రం పరిశోధన వద్దనేవాళ్ళే చెప్పాలి. కందకాలు తవ్వొచ్చు, కంచెలు వేయొచ్చు, బోర్డులు పెట్టొచ్చు. అవి కంటికి కనబడతాయి, బిల్లు పాసవుతుంది.

"పరిశోధన ఆలస్యం" అన్నమాటలో నిజముంది, దాన్ని దాటేయను. గంధపు చెట్టుకు పట్టిన స్పైక్ తెగులును 1899లో కొడగులో గుర్తించారు. దాని కారకుణ్ణి చూసింది 1969లో. డెబ్బై ఏళ్ళు! మద్రాసు ప్రభుత్వ వృక్షశాస్త్రజ్ఞులు, బెంగళూరు శాస్త్రవేత్తలు, అటవీ అధికారులు తలలు బద్దలుకొట్టుకున్నారు. ఈ లోగా గంధపు అడవులు ఎన్నో తుడిచిపెట్టుకుపోయాయి. కానీ ఎందుకింత ఆలస్యం? ఆ రకం సూక్ష్మజీవి మొక్కలకు రోగం తెస్తుందన్న సంగతే ప్రపంచానికి తెలియదు. 1967లో జపానువాళ్ళు మల్బరీ లాంటి మొక్కల్లో దాన్ని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పట్టుకున్నారు. రెండేళ్ళు తిరక్కముందే గంధంలోనూ పట్టుకున్నారు, ఒకరు కాదు, మూడు బృందాలు. అప్పటికి దశాబ్దాలుగా తెగులు మీద పని నడుస్తూ ఉండబట్టే కొత్త వెలుగు పడగానే ఎక్కడ వెతకాలో తెలిసింది. 1920లోనే "ఇరవై ఏళ్ళయింది, ఏం తేల్చారు" అని దుకాణం మూసి ఉంటే, 1967 వార్త మనకు వార్తగానే మిగిలేది.

దీనికి ఎదురు ఉదాహరణ సాల అడవులది. సాల చెట్టును తొలిచే పురుగు 1920లలో మధ్య భారతంలో లక్షల చెట్లను చంపింది. డెహ్రాడూన్ అటవీ పరిశోధన సంస్థలో బీసన్ అనే కీటక శాస్త్రజ్ఞుడు ఆ పురుగు బతుకంతా చదివి, దాని బలహీనత కనిపెట్టాడు: సాల బెరడు నలిగితే కారే రసమంటే దానికి పిచ్చి. తొలి వానలకు ఒక చెట్టును నరికి, దుంగల అంచులు నలగ్గొట్టి అడవిలో వేస్తే పురుగులు ఎగురుకుంటూ వచ్చి రసం తాగి మత్తుగా పడుంటాయి. తెల్లవారి ఏరుకుని చంపడమే. మందు లేదు, యంత్రం లేదు. 1996 తరవాత మధ్యప్రదేశ్‌లో అదే పురుగు మళ్ళీ విరుచుకుపడితే, గోండు, బైగా పల్లెల జనాన్ని పిలిచి, పురుగుకింత అని కూలి కట్టి, ఆ పాత ఎరచెట్టు పద్ధతినే బయటికి తీశారు. డెబ్బై ఏళ్ళ కింది పరిశోధన కూలి డబ్బుల రూపంలో ఆదివాసుల చేతికి వచ్చింది. గ్రాంటు ఊరికి ఒరగబెట్టేదేమీ లేదన్నవాళ్ళు ఈ లెక్క ఎక్కడ రాసుకుంటారో తెలియదు.

మన ఇంగ్లీషు కాలమిస్టులు తరచు తెచ్చే ఉదాహరణ జర్మనీది. 1980లలో అక్కడ అడవులు చచ్చిపోతున్నాయని శాస్త్రవేత్తలు గగ్గోలు పెట్టారు, కోట్లు గుంజారు, అడవి మాత్రం నిక్షేపంగా నిలబడింది. చూశారా గ్రాంట్ల కోసం భయపెట్టడం, అని. కొందరు అతిగా చెప్పిన మాట నిజమే. కానీ ఆ గగ్గోలు వల్లనే 1983లో థర్మల్ కేంద్రాల గంధకపు పొగకు కట్టడి వచ్చింది, ఆమ్లవర్షం తగ్గింది. 1985లో యూరప్ దేశాలన్నీ కలిసి పదహారు కిలోమీటర్లకొక చోటు చొప్పున గళ్ళు గీసి, అవే చెట్ల తలల్ని ఏటేటా చూసి రాసే ఏర్పాటు చేసుకున్నాయి. అది ఇప్పటికీ నడుస్తోంది. 2018 కరువులో అక్కడి అడవులు కుదేలైనప్పుడు, ముప్పై ఏళ్ళ లెక్క చేతిలో ఉంది కాబట్టి ఎంత దెబ్బ తగిలిందో చెప్పగలిగారు. మన దగ్గర 2024 ఆగస్టు 31న మేడారం, తాడ్వాయి అడవిలో గంటల్లో వేలాది చెట్లు కూలిపోయినప్పుడు అందరం ఆకాశం వైపు చూశాం, సుడిగాలి ఎలా వచ్చిందని. కూలక ముందు ఆ చెట్ల వేళ్ళు ఎంత లోతున ఉన్నాయి, మొదళ్ళు గుల్లబారి ఉన్నాయా, నేల ఎంత నానింది అన్నది చూసి రాసిపెట్టిన పుస్తకం ఉండి ఉంటే, గాలి వాటా ఎంతో అడవి వాటా ఎంతో చెప్పగలిగేవాళ్ళం.

అడవిని చంపేది గొడ్డలీ నిప్పూ తప్ప పురుగు కాదనే మిత్రులున్నారు. గొడ్డలి సంగతి నాకు తెలియక కాదు, టేకు దుంగ రాత్రికి రాత్రి గోదావరి దాటడం ఈ ప్రాంతంలో ఎవరూ కొత్తగా నేర్చుకోనక్కర్లేదు. నిప్పు సంగతీ అంతే. తునికాకు లేతగా రావాలని ఎండాకాలానికి ముందు అంటించే మంట అనుకున్నంత మేరకే ఆగదు. కానీ నిప్పు తగిలి బెరడు పగిలిన చెట్టులోకే తొలిచే పురుగు ముందు దూరుతుంది, శిలీంధ్రం ముందు పాకుతుంది. ఏటా కాలే చోట టేకు మొదలు ఎంత గుల్లబారుతోంది, కాలని చోట ఎంత? తునికికి లేత చిగురు తెచ్చుకోవడానికి నిప్పు తప్ప దారి లేదా? ఈ ప్రశ్నలకు జవాబు దొరికితే బాగుపడేది కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్లల్లో బీడీలు చుట్టే ఆడవాళ్ళ పని. తునికాకుకు బుడిపెలు పడితే, మచ్చ పడితే కల్లంలో కట్ట తీసుకోరు. ఇంతకంటే నేరుగా కూలి మీద పడే అడవి ఆరోగ్య సమస్య ఏముంది?

ఇప్పుడు గ్రాంట్లు ఇచ్చేవాళ్ళ వైపు తిరుగుతాను, ఎందుకంటే ఈ వ్యతిరేకత ఊరికే పుట్టలేదు. మూడేళ్ళ ప్రాజెక్టు అంటారు. మొదటి ఏడు మనుషుల్ని తీసుకోవడానికి, రెండో ఏడు తరవాతి విడత పైకానికి యుటిలైజేషన్ సర్టిఫికెట్ కోసం ఆగడానికి, మూడో ఏడు రిపోర్టు రాయడానికి సరిపోతుంది. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చి 31న మూతపడుతుంది. అడవి సంవత్సరం తొలకరితో మొదలవుతుంది. శిలీంధ్రం ఆగస్టు, సెప్టెంబరుల్లో విజృంభిస్తుంది. పైసలు జనవరిలో వస్తే చూడటానికి ఏం మిగులుతుంది? మార్చిలోపు ఖర్చయ్యేది పరికరం ఒక్కటే, అందుకే ఫ్రిజ్‌లు కొంటారు. రీసెర్చ్ చేసే కుర్రవాడు నెలల తరబడి ఫెలోషిప్ రాక బస్సు చార్జీకి వెతుక్కుంటాడు. రిపోర్టు వచ్చాక అది నమూనాలు తీసిన ఊరికి ఎన్నడూ తిరిగి రాదు. దేశం మొత్తం ఆదాయంలో పరిశోధనకు పెట్టేది 0.64 శాతం, అందులో అడవికి మిగిలే తునకను కూడా ఇలా మురగబెడుతున్నాం. జనం గ్రాంటును తిడుతున్నారంటే ఈ తంతును చూసి తిడుతున్నారు. అది న్యాయం. కానీ ఆసుపత్రిలో డాక్టరు రాకపోతే డాక్టరును రప్పించమంటాం గానీ ఆసుపత్రి మూయమనం కదా.

అమెరికా అటవీ శాఖ 1990లో పెట్టిన పద్ధతి ఒకటి మనకు సరిపోయేది. ముందు శాశ్వతంగా చెట్లను చూసే ఏర్పాటు. అందులో తేడా కనబడిన చోట, ఆ తేడా ఎందుకో తేల్చడానికి చిన్నచిన్న గ్రాంట్లు. చూపు శాశ్వతం, విచారణ తాత్కాలికం. మనం మొదటిది వదిలేసి రెండోదాన్ని మాత్రం పట్టుకున్నాం. అందుకే రోగం ఫొటో పేపర్లో పడ్డాక గానీ గ్రాంటు కదలదు.

బీర్పూర్‌కు దీన్ని దించితే పెద్ద ఖర్చేమీ కాదు. లక్ష్మీనరసింహస్వామి గుట్ట చుట్టుపక్కల, రోళ్ళవాగు ఎగువన, గోదావరి ఒడ్డున, కాలిన చోట కొన్ని, కాలని చోట కొన్ని, మొత్తం కొన్ని వందల చెట్లకు నంబర్లు వేయాలి. టేకు, తునికి, ఇప్ప, నల్లమద్ది, ఊళ్ళ వేపలు. ఏడాదికి మూడుసార్లు, తొలకరి తరవాత, వానల చివర, ఆకు రాలాక, అవే చెట్లను చూసి రాయాలి. తేడా కనబడితే రెమ్మ పొలాసకు పోవాలి, అక్కడ తెగుళ్ళ విభాగం ఉంది. పురుగు, నేల, పెరుగుదల సంగతి సిద్దిపేట జిల్లా ములుగులోని అటవీ కళాశాల పిల్లలు చూడొచ్చు, అక్కడ వనవిజ్ఞానం చదువుతున్నవాళ్ళు పాఠాలతో పాటు ఒక అడవిని కూడా చదివినట్టవుతుంది. దూలపల్లిలోని కేంద్ర అటవీ పరిశోధన సంస్థను పైన సలహాకు పెట్టుకోవచ్చు. నా అంచనాకు మండలానికి ఏడాదికి కొన్ని లక్షలు చాలు, కాకపోతే పదేళ్ళకు ఒకేసారి రాసివ్వాలి, మార్చి 31న మురిగిపోని పద్దు కింద. ఏటా ఉగాది తరవాత ఆ లెక్క గ్రామసభలో తెలుగులో చదవాలి. చదవని ఏడు తరవాతి విడత ఆపేయండి, నాకు అభ్యంతరం లేదు.

దీనికి వచ్చే మొదటి అడ్డుపుల్ల కూడా నాకు తెలుసు: బీటాఫీసర్‌కు తీరిక లేదు, ఒక్కో మనిషికి రెండేసి బీట్లు, ఇంకా చెట్ల తలలు లెక్కపెట్టమంటారా? నిజమే, ఆ ఖాళీలు నింపాలి, అది వేరే పోరాటం. అందాకా ఎండాకాలంలో తెల్లవారుజామున అడవికి పోయి ఏ తునికి ఎక్కడ చిగురించిందో చెప్పగల ఆడవాళ్ళు ఈ ఊళ్ళలోనే ఉన్నారు. కల్లంలో ఆకుల కట్టలు లెక్కగట్టి, పేరు పేరునా పుస్తకంలో ఎక్కించే కల్లేదారు ఉన్నాడు. వాళ్ళకు రోజుకూలి కట్టి, ఆ పుస్తకంలోనే చెట్టు నంబరుకొక గడి, ఎండిన కొమ్మకొక గడి అదనంగా గీసి ఇవ్వండి.